సాలీడు దారం దాటే చుక్క

"తేడా పెరిగింది," అన్నాడు నిదానం భోజనానికి కూర్చుంటూ, పక్కింటివాళ్ళ సంగతేదో చెబుతున్నట్టు.

భార్య చేతిలో గరిటె అక్కడే ఆగిపోయింది.

"ఎంత?"

"ఇన్నాళ్ళూ ఉన్నదానికి ఇంకో సగం. వడ్డించు, ఆకలిగా ఉంది."

వడ్డించింది గాని, ఏం వడ్డించిందో ఆమెకు తెలియదు. ఆ ఇంట్లో తేడా అనే మాటకు ఒక్కటే అర్థం. పెళ్ళయి వచ్చిన కొత్తలోనే ఆమె ఆ అర్థం నేర్చుకుంది.

నిదానం అన్నది ఆయన అసలు పేరు కాదు, నక్షత్రాలను చూసే వేధశాలలో పడ్డ పేరు. అక్కడి దుర్బిణిలో కన్ను పెట్టే చోట, అద్దాల మధ్య, సాలీడు దారాలు నిలువుగా బిగించి ఉంటాయి. మనిషి వడికిన దారమేదీ అంత సన్నగా ఉండదు కనుక సాలీడునే అడుక్కోవాలి. ఆకాశంలో చుక్క మెల్లగా జరుగుతూ ఒక్కో దారాన్నీ దాటుతుంది. దాటిన క్షణాన చూసేవాడు చేతిలోని మీట నొక్కాలి. పక్కగదిలో గడియారానికి తగిలించిన కాగితం మీద గీత పడుతుంది. అంతే పని. కాని కంటికి అందిన కబురు వేలి దాకా చేరడానికి కాస్త సమయం పడుతుంది. ఆ కాస్త ఒక్కో మనిషికి ఒక్కోలా ఉంటుంది. ఆయన ఎప్పుడూ ఒక పిసరు ఆలస్యంగా నొక్కుతాడు. ఆయన స్నేహితుడు, ఇదిగో వచ్చేసింది అనుకుని, చుక్క దారాన్ని తాకకముందే నొక్కుతాడు. అప్పట్లో వేధశాలకు పెద్దగా ఉన్నాయన ఒకరికి నిదానమనీ ఇంకొకరికి తొందర అనీ పేర్లు పెట్టాడు. ఉద్యోగంలో చేరమన్న తేదీకి ఒకడు ముందురోజే వచ్చి గేటు దగ్గర పడిగాపులు పడ్డాడట, ఇంకొకడు మర్నాడు వచ్చాడట. పేర్లు ఆ రోజే పడాల్సింది.

ఆలస్యమైనా తొందరైనా తప్పు కాదు. ఎప్పుడూ ఒకేలా ఉంటే చాలు, లెక్కలో తీసేస్తారు. అందుకే ఏటా పని మొదలయ్యే ముందు ఇద్దరూ ఒకే దుర్బిణి దగ్గర కూర్చుని ఒకే చుక్కను చూస్తారు. సగం దారాల దాకా ఒకరు, మిగిలిన సగం ఇంకొకరు. కాగితం మీది గీతలను పోల్చి ఇద్దరి మధ్య తేడా ఎంతో తేలుస్తారు. మీసాలు మొలిచిన నాటి నుంచి అవి నెరిసేదాకా ఆ తేడా గోడకు కొట్టిన మేకులా కదలలేదు. దేశపటాన్ని వాళ్ళు ఆ మేకుకే తగిలించారు. ఏ ఊరు ఎంత తూర్పున ఉందో, ఎంత పడమరన ఉందో చెప్పేది చుక్క దాటిన వేళే. చూపుకూ వేలికీ మధ్య రెప్పపాటులో సగం అటూ ఇటూ అయినా, పటంలో ఒక ఊరు ఊరంతా వీధి అవతలికి జరిగిపోతుంది.

ఇప్పుడు మేకు కదిలింది.

"అయితే మీరు ఇంకా నిదానించారా?"

"అయ్యుండొచ్చు. వయసొచ్చింది కదా."

"వేలికొచ్చిన వయసా, తలకొచ్చిన వయసా?"

"అది కాగితం చెప్పదు. ఉప్పు ఇటివ్వు."

ఆ రోజు నుంచి ఆమె భర్తను దొంగచాటుగా చూడడం మొదలుపెట్టింది. గ్లాసు ఎత్తేటప్పుడు వేళ్ళు తడబడుతున్నాయా? పిలిస్తే ఎంతసేపటికి తల తిప్పుతున్నాడు? చొక్కా బొత్తాలు వరసగా పెట్టుకుంటున్నాడా? ఒకసారి ఆయన వెనక నిలబడి కావాలనే చెంచా జారవిడిచింది. ఆయన తిరిగి చూడలేదు. ఇంకోటి జారవిడిచింది.

"ఇంట్లో గిన్నెలన్నీ పడేసినా నేను ఇంతే," అన్నాడాయన కాగితాల్లోంచి తల ఎత్తకుండానే. "పెళ్ళయిన నాటి నుంచీ ఇంతే. అప్పుడెందుకు భయపడలేదు?"

అప్పుడు భయపడలేదని ఎవరన్నారు? ఆమె భయానికి ఆ కాపురమంత వయసు. గణితం గుమాస్తాగా చేరిన మనిషి, చుక్కలు చూసే మనిషి అయ్యాడు. చుక్కలు చూసే మనిషి, భూమిని కొలిచే మనిషి అయ్యాడు. వానలు వెనకబట్టగానే పెట్టెలూ యంత్రాలూ సర్దుకుని బయలుదేరేవాడు. కొండ మీంచి కొండకు, కొండ మీంచి ఇంకో కొండకు చూపు సారించి త్రిభుజాలు కడుతూ, వాటిని ఒకదానికొకటి తగిలిస్తూ గొలుసులా దేశం చుట్టూ తిరిగి రావాలి. మళ్ళీ వానలకు గాని ఇల్లు చేరేవాడు కాదు. ఒక ఏడు అలా వచ్చినప్పుడు పసిపిల్లగా ఉన్న కూతురు ఆయన్ని చూసి తలుపు చాటుకు పోయి, "అమ్మా, ఎవరో మామయ్య వచ్చాడు," అంది. ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేకపోయింది. ప్రతి ప్రయాణం ముందూ గుమ్మంలో నిలబడి ఆయన్ని తల నుంచి కాలి దాకా ఒకసారి చూసుకునేది, చివరిసారి చూస్తున్నట్టే.

కొండలంటే ఆమెకు కోపం కూడా ఉండేది. పెద్ద కొండ పక్కన దారానికి ఇత్తడి గుండు వేలాడదీస్తే అది తిన్నగా వేలాడదని, కొండ తన బరువుతో దాన్ని కొంచెం తనవైపు లాక్కుంటుందని ఆయన కొలిచి నిరూపించాడు. దాని మీద ఆయన రాసింది చాలా దేశాలవాళ్ళు చదివారట. ఆ సంగతి ఇంట్లో చెప్పిన రోజు ఆమె ఒక్కటే మాట అంది.

"గుండునే లాక్కునేది మిమ్మల్ని వదులుతుందా?"

అన్నిటికంటే ఆమెకు మంచెలంటే భయం. చెట్ల మీంచి, గుట్టల మీంచి చూపు సాగాలంటే కొండ కొన మీద కర్రలతో ఎత్తయిన మంచె కట్టాలి. దానికి నిలువు నిచ్చెన. కాపురానికి వచ్చిన కొత్తలో ఒక వడ్రంగి అలాంటి మంచె మీంచి పడి చనిపోయాడు. ఆ కబురు చెప్పిన రాత్రి ఆయన చేతిలోని కాఫీ చల్లారిపోయేదాకా అలాగే కూర్చున్నాడు. ఆ తర్వాత ఎన్ని మంచెలు ఎక్కాడో ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు.

ఇప్పుడు గొలుసులో చివరి త్రిభుజం మిగిలింది. మొదలైన చోటికే, వేధశాల మేడ మీది రాతి దిమ్మ దగ్గరికే, గొలుసు తిరిగి వచ్చి కలవాలి. ఊరికి ఎదురుగా దూరంగా కనిపించే కొండ మీద మంచె కట్టారు. మామూలుగా అయితే కొండ మీద అద్దం పట్టుకుని, కింది యంత్రానికి గురిగా ఎండను ఇటు తిప్పేది కూలి మనుషులు. కాని గొలుసు కలిసే రోజున మాత్రం ఆ పని పరాయివాళ్ళకు ఇవ్వరు. ఇద్దరు పెద్దలే చేస్తారు. ఒకరు కొండ మీంచి వెలుగు ఇస్తారు, ఒకరు కింద యంత్రం దగ్గర నిలబడి తీసుకుంటారు. ఆ వృత్తిలో అది పాత ఆచారం. ఎవరు ఇస్తారన్నది కూడా ఎప్పుడో అనుకున్నదే: నిదానం మంచె ఎక్కుతాడు, తొందర కింద ఉంటాడు.

తల నిదానించిన మనిషి మంచె ఎక్కుతాడు. ఆమెకు ముద్ద దిగడం మానేసింది.

*

ఆ వారం తొందర భోజనానికి వచ్చాడు. పెళ్ళి చేసుకోలేదు కనుక ఆదివారాలు ఆ ఇంట్లోనే తింటాడు. ఎందుకు చేసుకోలేదంటే, పెళ్ళిచూపులకు చెప్పిన వేళకంటే ముందే వెళ్ళి, వాళ్ళింకా నిద్ర లేవలేదని తిరిగి వచ్చేశానంటాడు.

"చెల్లెమ్మా, మీ ఆయన బొత్తిగా నత్త అయిపోయాడు. కాగితం చూశావా? నా గీత పడ్డాక ఒక కునుకు తీసి లేచి అప్పుడు నొక్కుతున్నాడు."

"నువ్వు చుక్క పుట్టకముందే నొక్కుతావు," అన్నాడు నిదానం. "నీ గీతలన్నీ పోగేస్తే వచ్చే ఏడాది పంచాంగం అవుతుంది."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆమె నవ్వుతున్నట్టు ముఖం పెట్టి తొందర వైపు చూసింది. ఈమధ్య ఆయన మాట్లాడుతూ మనిషి ముఖం వైపు కాకుండా కొంచెం పక్కకు, చెవి వైపు చూస్తున్నాడు. ముసలితనంలో వచ్చిన కొత్త చిలిపితనం అనుకుంది. కూజా వంచి నీళ్ళు పోసుకుంటే కాసిని గ్లాసు బయట పడ్డాయి. "చూశావా, దీనికీ తొందరే," అన్నాడు. ఆమె గుడ్డతో తుడిచింది. ఆమె మనసంతా భర్త చేతుల మీదే ఉంది.

వెళ్ళేటప్పుడు గేటు దాకా ఆయన వెంట నడిచింది.

"అన్నయ్యగారూ, ఒక్క మాట. నేను మిమ్మల్ని ఎప్పుడూ ఏమీ అడగలేదు."

"అడగమనే కదా ఇన్నేళ్ళ నుంచీ మొత్తుకుంటున్నా."

"ఆ మంచె మీరు ఎక్కండి. ఆయన్ని కింద ఉంచండి."

తొందర వెంటనే మాట్లాడలేదు. అది ఆయన స్వభావం కాదు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీసి తుడిచాడు.

"వాడు ఒప్పుకోడు."

"మీరు చెబితే ఒప్పుకుంటారు. మీకు మంచె ఎక్కాలని ముచ్చటగా ఉందనండి. ఏదో ఒకటనండి. తేడా పెరిగిందంటే నాకు కాళ్ళూ చేతులూ ఆడడం లేదు. తల తిరిగి పైనుంచి..."

"ఊరుకో, ఊరుకో. నువ్వు అన్నీ ముందే ఊహించుకుంటావు. నాకంటే తొందర నీది." ఆమె చెవి వైపు చూసి నవ్వాడు. "సరే. ఎక్కుతాను."

గేటు గడియ కోసం ఆయన చెయ్యి రెండుసార్లు గాలిలో వెతికింది. ఆమె తీసి ఇచ్చింది. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత ఆమెకు నిద్ర పట్టింది.

*

గొలుసు కలిసే రోజు ఆకాశం కడిగినట్టుంది. మధ్యాహ్నం ఆమె టీ ఫ్లాస్కు పట్టుకుని వేధశాల మేడ ఎక్కింది. రాతి దిమ్మ మీద కోణాలు కొలిచే యంత్రం పెట్టి ఉంది. దాని పక్కనే ఇటువైపు నుంచి వెలుగు పంపే అద్దం. ఆయన టోపీ వెనక్కి తోసుకుని, ఒక కన్ను మూసుకుని చూస్తున్నాడు.

"వచ్చిందా వెలుగు?"

"వస్తోంది. చూస్తావా?"

ఆమె కన్ను పెట్టింది. వణికే గాలిలో కొండ నీలంగా, యంత్రపు అద్దాల్లో తలకిందులుగా కనిపించింది. దాని కొన మీద, సూదితో పొడిచిన రంధ్రంలోంచి కారుతున్నట్టు, ఒక తెల్లటి చుక్క. పగటి పూట భూమి మీద పుట్టిన నక్షత్రం. దాని వెనక ఒక మనిషి నిలబడి ఉన్నాడని ఆమెకు తెలుసు. సూర్యుడు ఆగడు కనుక అద్దం కూడా ఆగకూడదు. పట్టుకున్నవాడు చేతులు మరలకు ఆనించి క్షణం క్షణం కొంచెం కొంచెంగా తిప్పుతూ ఉండాలి. ఎంతసేపు వెలుగు ఉంటే అంతసేపు అక్కడ ఒక మనిషి మెలకువగా ఉన్నట్టు.

"బాగుంది," అంది. బాగుందన్నది వెలుగును కాదు. ఆయన ఇక్కడ, గట్టి సిమెంటు నేల మీద, తన చేతికి అందేంత దగ్గరలో ఉన్నందుకు.

ఆయన మళ్ళీ యంత్రం దగ్గరికి జరిగి కోణం చదవడం మొదలుపెట్టాడు. కొంతసేపటికి ఆగాడు. కన్ను తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"ఏమిటి?"

"సన్నబడుతోంది."

"మబ్బేమో."

"మబ్బెక్కడుంది?"

నిజమే. మచ్చుకైనా మబ్బు లేదు. ఆయన చూస్తూనే ఉన్నాడు. వెలుగు పోయింది, వచ్చింది, మళ్ళీ పోయింది. ఈసారి వచ్చినది అటూ ఇటూ ఊగి, కొండ పక్కకు జారి ఆరిపోయింది.

ఆయన తన అద్దానికి మూత పెట్టి తీశాడు, పెట్టి తీశాడు. అది పిలుపు. అవతల ఉన్నవాడు అలాగే మూత పెట్టి తీసి బదులివ్వాలి. బదులు రాలేదు. మళ్ళీ పిలిచాడు. ఆమె ఫ్లాస్కు మూత ఎక్కడ పెట్టిందో మరిచిపోయి చేతిలోనే నలుపుతూ నిలబడింది.

"దిగి నీళ్ళు తాగడానికి వెళ్ళారేమో."

"గొలుసు కలిసే రోజున వాడు ప్రాణం పోయినా అద్దం వదలడు," అన్నాడాయన. ఆ మాట నోటి నుంచి వచ్చాక ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

ఆయన మెట్ల వైపు నడిచాడు. ఆయన పరుగెత్తడం ఆమె ఆ రోజే చూసింది.

*

ఆఫీసు జీపులో ఆమె కూడా ఎక్కింది. "నువ్వెందుకు?" అన్నాడాయన. ఆమె వెనక సీట్లో సర్దుకుని కూర్చుంది. నేనే పంపాను అన్న మాట తలలో తిరుగుతోంది. దారి పొడవునా డ్రైవరు ఒక్కడే మాట్లాడాడు.

"ఏం కాదు సార్. పెద్దాయన ఓ పాట పాడుకుంటూ అద్దం సంగతి మరిచిపోయి ఉంటాడు."

"కొంచెం వేగంగా పోనివ్వండి నాయనా," అంది ఆమె.

"ఇంతకంటే వేగంగా పోతే మనమే ముందు చేరతాం, జీపు వెనకొస్తుంది అమ్మా."

మరో రోజైతే ఆమె నవ్వేది.

కొండ కింద డేరా దగ్గర కావలివాడు వంట గిన్నెలు తోముకుంటున్నాడు. ఏమీ తెలియదన్నాడు. బాబుగారు పొద్దుననగా పైకి వెళ్ళారు, ఇవాళ ఎవరూ రాకూడదన్నారు, అందుకే వెళ్ళలేదన్నాడు. మగవాళ్ళు ముగ్గురూ, వాళ్ళ వెనక ఆమె, రాళ్ళు పట్టుకుని ఎక్కారు. ఆమె చెప్పులు చేత్తో పట్టుకుంది. ప్రతి మలుపులోనూ ఆమె కళ్ళు మంచె కోసం కాక, మంచె కింది నేల కోసం వెతికాయి.

నేల మీద ఏమీ లేదు. ఎండిన గడ్డి, మిగిలిపోయిన కర్రముక్కలు, ఒక కళ్ళజోడు.

నిదానం ఆ కళ్ళజోడు ఏరుకుని జేబులో వేసుకుని పైకి చూశాడు. మంచె మీద, ఆకాశానికి ఆనినట్టు, తొందర కూర్చుని ఉన్నాడు. రెండు చేతులూ అద్దం మరల మీదే ఉన్నాయి. మెల్లగా, కొంచెం కొంచెంగా, శ్రద్ధగా తిప్పుతున్నాడు. అద్దం మీద పడ్డ ఎండ పక్కనున్న లోయలోకి పోతోంది.

"ఒరేయ్!" అని అరిచాడు నిదానం.

"ఎవడూ? నువ్వేనా?" పైనుంచి గొంతు వచ్చింది. "ఇక్కడికెందుకొచ్చావురా, మేడ మీద ఎవరున్నారు? వెలుగు ఇస్తూనే ఉన్నా కదా. అందడం లేదా?"

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"అందింది," అన్నాడు నిదానం. "చాలు. దిగు."

పైన చేతులు మరలను తిప్పుతూనే ఉన్నాయి.

"దిగరా."

"కళ్ళజోడు పడిపోయింది."

"నా జేబులో ఉంది. నిచ్చెన నీ కుడిపక్కనే ఉంది."

"కుడిపక్కన ఉందని తెలుసు." గొంతు మారింది. "చూసిన చోటల్లా మధ్యలో బూడిద మచ్చ వస్తోందిరా. చుట్టూ అన్నీ కనిపిస్తాయి. దేన్ని చూడబోతే అదే మాయమైపోతోంది. నిచ్చెన వైపు చూస్తే నిచ్చెన లేదు."

"ఎప్పటి నుంచి?"

"కళ్ళజోడు మార్చాలేమో అనుకున్నాను."

"ఎప్పటి నుంచి రా?"

"పోయిన వానాకాలం నుంచి. చుక్క దారం దగ్గరికి రాగానే ఆరిపోయేది. ఎంతసేపట్లో దారం తాకుతుందో మనసులో లెక్కపెట్టుకుని నొక్కేవాణ్ణి. నీకు చెబితే మీట లాగేసుకునేవాడివి."

ఆమెకు అప్పుడు అర్థమైంది. ఇద్దరి మధ్య తేడా పెరిగిందని కాగితం చెప్పింది. ఎవరిలో అన్నది అది చెప్పలేదు. అడిగినవాళ్ళూ లేరు. నిదానం అన్న పేరున్నందుకు అందరూ నిదానాన్నే చూశారు. ఆమె చెంచాలు కూడా ఆయన వెనకే జారవిడిచింది. చూపు లేని మనిషిని గేటు దగ్గర బతిమాలి, గడియ కూడా తనే తీసి ఇచ్చి మంచె ఎక్కించింది.

"అక్కడే కూర్చో. కదలకు," అన్నాడు నిదానం. చెప్పులు విడిచాడు.

"కావలివాణ్ణి పంపండి," అంది ఆమె ఆయన చెయ్యి పట్టుకుని. "డ్రైవరు ఉన్నాడు. కుర్రవాడు. మీరొద్దు."

"ఎవరో వచ్చి కాలు పట్టుకుంటే వాడు బెదిరిపోతాడు. నా చెయ్యి అయితే వాడికి తెలుసు."

ఆమె చెయ్యి వదలలేదు. ఆయన విదిలించుకోలేదు కూడా. ఆమె వేళ్ళను ఒక్కొక్కటిగా, తన పద్ధతిలో, మెల్లగా విప్పుకున్నాడు.

నిచ్చెన ఎక్కుతుంటే ప్రతి మెట్టూ కిర్రుమంది. ఆమె మంచె కాలొకటి రెండు చేతులా కౌగలించుకుని నిలబడింది, తను పట్టుకుంటే అది కూలదన్నట్టు. పైకి చూడాలంటే భయం. చూడకపోతే ఇంకా భయం. కర్రలోంచి ఆయన అడుగుల అదురు ఆమె చెంపకు తెలుస్తోంది. ఒక అదురుకూ ఇంకో అదురుకూ మధ్య ఎంత ఎడం! ఇంత నిదానమా? ఆగిపోయాడా? తల తిరిగిందా? అంతలో మళ్ళీ అదురు. అడుగడుగుకూ అంతే ఎడం. ఒకేలా.

పైన మాటలు వినిపించాయి.

"ఇటు తిరిగి కూర్చో. కుడికాలు వదులు. వదలరా, నేను పట్టుకున్నాను."

"వదిలాను."

"ఇదిగో మెట్టు. బరువు వెయ్యి. ఆగు, తొందరపడకు."

"అది నా పేరే కదురా."

"ఇవాళ మార్చుకో."

ఆయన ఒక మెట్టు దిగి, తలకు పైనున్న ఆ పాదాన్ని చేత్తో పట్టి మెట్టు మీద పెట్టి, మడమ మీద తట్టేవాడు. అప్పుడు పైవాడు బరువు వేసేవాడు. తర్వాత రెండో పాదం. అలా ఇద్దరు ముసలివాళ్ళూ ఒకే మనిషిలా, ఒకడి కళ్ళూ ఇంకొకడి కాళ్ళూ కలుపుకుని, వాలుతున్న ఎండలో దిగుతున్నారు. సగం దారిలో ఒక మెట్టు పుటుక్కున విరిగి కింద పడింది. ఆమె మంచె కాలిని ఇంకా గట్టిగా హత్తుకుంది. పైన ఎవరూ కదల్లేదు. చాలాసేపు కదల్లేదు. తర్వాత నిదానం గొంతు, భోజనం దగ్గర ఉప్పు అడిగినట్టే, "ఆ మెట్టు లేదు. కాలు ఇంకొంచెం కిందికి దించు," అంది.

నేల మీద కాలు పెట్టగానే తొందర గడ్డిలో కూలబడ్డాడు. చెయ్యి చాచి గాలిలో వెతికితే ఆమె పట్టుకుంది.

"చెల్లెమ్మా, నువ్వూ వచ్చావా?" ఆమె చెవి వైపు చూశాడు. "ఏడవకు. నువ్వు అడిగినట్టే వాణ్ణి కిందే ఉంచాననుకున్నాను. చివరికి వాడూ ఎక్కనే ఎక్కాడు."

నిదానం భార్య వైపు చూశాడు. ఆమె తల వంచుకుంది. ఆ సంగతి ఆయన ఆ రోజూ అడగలేదు, తర్వాతా అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదని ఆమెకు చాలాసార్లు అనిపించింది.

*

గొలుసును తర్వాత ఒక రోజు కూలి మనుషులే అద్దం పట్టి కలిపారు. చివరి త్రిభుజం లెక్క చక్కగా సరిపోయింది. పేపర్లో నాలుగు వాక్యాలు పడ్డాయి.

తొందర తన మకాం వాళ్ళింటి ముందుగదిలోకి మార్చాడు. ఆ మచ్చ ఇక పోదని కంటి డాక్టరు చెప్పాడు. చుట్టూ కనిపిస్తుంది కనుక నడవగలడు, భోజనం చేయగలడు. చదవలేడు, చుక్క చూడలేడు. అందుకు కూడా ఆయన హాస్యం వెతుక్కున్నాడు. "ఇన్నేళ్ళూ చుక్కను ముందే చూశాను కదా, నా వాటా ముందే అయిపోయింది," అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా ఆమె వంటగదిలోకి వెళ్ళిపోయేది.

ఉద్యోగం నుంచి దిగిపోయే ముందు నిదానానికి ఇంకొక్క ఊరి వేళ కొలిచే పని మిగిలింది. ఒక సాయంత్రం ఆయన కోటు తొడుక్కుంటూ ఆమెను పిలిచాడు.

"నువ్వు కూడా రా. మీట పట్టుకోవాలి."

"నేనా?"

"వాడు ఇక చూడలేడు. కొత్తగా చేరినవాళ్ళు ఇవాళ ఒకలా రేపు ఒకలా నొక్కుతారు. నాలో మార్పు వస్తే నాకు తెలియదు. నా గీత పక్కన పెట్టుకోవడానికి ఇంకో గీత కావాలి."

"నాకు చుక్కల సంగతి ఏం తెలుసు?"

"తెలియక్కర్లేదు. దారం తాకితే నొక్కు."

తొందర కూడా చేతికర్ర పట్టుకుని వెంట వచ్చాడు, దుర్బిణి గదిలో మూల కుర్చీలో కూర్చున్నాడు. కప్పులో సన్నటి చీలిక తెరిచి ఉంది. ఆకాశం ఇంకా పూర్తిగా నల్లబడలేదు, దీపాలు పెట్టే వేళ. ఆమె వెల్లకిలా వాలే బల్ల మీదికి ఎక్కి కన్ను పెట్టింది. నిలువుగా దారాలు. అంత భయంలోనూ ఆమెకు అవి అందంగా కనిపించాయి. ఎక్కడి సాలీడో, ఏ మూల అల్లిందో.

"చెయ్యి వణుకుతోందండీ."

"వణకనీ. ఎప్పుడూ ఒకేలా వణికితే లెక్కలో తీసేస్తాం."

"ఇవాళ తేడా ఎక్కువ వస్తే?"

"ఇవాళ ఎంత వచ్చినా ఫర్వాలేదు. తర్వాత మారితేనే."

"మారితే... మీలోనా నాలోనా అన్నది ఎలా తెలుస్తుంది?"

ఆయన మీట ఆమె చేతిలో పెట్టి, దాని మీద ఆమె బొటనవేలు సర్దాడు.

చుక్క వచ్చింది. అంచు దగ్గర వెలిగి, ఎవరూ తోయకుండానే ముందుకు జరిగింది. మొదటి దారం. ఆమె నొక్కింది. పక్కగదిలో టక్కుమని చప్పుడైంది. రెండోది. మూడోది. దారానికి ఇంకా ఎడం ఉండగానే వేలు దానంతటదే దిగిపోతోంది.

"అయ్యో రామా," అన్నాడు మూలనుంచి తొందర, చప్పుళ్ళు వింటూ. "నాకంటే తొందరలా ఉందే!"

సగం దారాలు అయిపోయాయి. "దిగు, దిగు," అన్నాడు నిదానం. ఆమె పక్కకు జరిగింది. ఆయన వాలి కన్ను పెట్టాడు, మీట అందుకున్నాడు. ఆమె ఆయన తల దగ్గర చీకట్లో నిలబడి లెక్కపెట్టుకుంది. చుక్క ఇప్పుడు దారానికి దగ్గరగా వచ్చి ఉంటుంది. ఇప్పుడు తాకి ఉంటుంది. ఇప్పుడు దాటి ఉంటుంది.

చప్పుడు రాలేదు.

ఆమె ఆయన చేతి మీదికి వంగింది. తొందర కూడా కుర్చీలో ముందుకు వంగాడు.

టక్కుమంది.

ఆయన ఎప్పటిలాగే ఆలస్యం చేశాడా, ఎప్పటికంటే ఆలస్యం చేశాడా? ఆమెకు తెలియలేదు. తర్వాతి దారం కోసం మళ్ళీ చెవులు రిక్కించింది.